తప్పు బండిదే

ఆదివారం తెల్లవారి ఆరు గంటలకు తిరుత్తణిలో చెన్నై లోకల్ ఎక్కాను. చేతిలో పెరుగన్నం పొట్లం ఉన్న సంచి, అంతే. ఇదివరకు పానాల పెట్టె లేకుండా రేసుకు బయలుదేరిందే లేదు. రేసు బైకుల ఇంజన్లు విప్పి బిగించి బతికినవాణ్ణి, ఈసారి వట్టి చేతులతో చూడటానికి పోతున్నాను. పందెంలో ఉన్నది మా అక్క కూతురు భార్గవి. ఆమెకు బండి నేర్పింది నేనే, నిరుటి దాకా ఆమె ఇంజను చూసిందీ నేనే.

ఇప్పుడామె దిగిన పోటీలో అందరికీ ఒకే రకం బండి ఇస్తారు. ఇంజనుకు సీలు వేసి ఉంటుంది. ఏ బండి ఎవరిదో పొద్దున చీటీలు తీస్తారు. మెకానిక్కులు కూడా పోటీ నడిపేవాళ్ల మనుషులే. డబ్బున్నవాడు ఖరీదైన సామాను బిగించి ముందుకు పోవడం కుదరదు. న్యాయమే. అది లేకుంటే మా పిల్లకు చోటే దొరికేది కాదు. తెలిసినా మనసొప్పదు. ఆమె కోసం కట్టిన ఇంజనొకటి నా షెడ్డులో గుడ్డ కప్పి ఉంది. వచ్చే ఏడు ఇందులోనే ఉండాలా, ఆ ఇంజనుతో ఎవరి బండి వాళ్లు తయారు చేసుకునే పోటీకి మారాలా అన్నది ఆమె నా మీదే పెట్టింది. "ఒకసారి వచ్చి చూసి చెప్పు మామా" అంది.

ఎదురు సీటులో సరిహద్దు పల్లె రైతొకాయన, కొండ మీద గుండు చేయించుకుని చందనం పూసుకుని ఉన్నాడు. "యాడికన్నా?" అన్నాడు. చెప్పాను. "అందురిదీ ఒకటే బండి అయితే యాడుంటాది పందెం?" అని నేనే అడిగాను.

"గుండు అందురికీ ఒకటే గదన్నా. మొక్కు ఎవురిది వాళ్లదే" అన్నాడాయన.

మాట బాగుంది. కానీ అక్కడ గుండు గీసేవాడికైనా పనుంది.

ఏడున్నర దాటాక తిరువళ్లూరులో దిగి, బస్టాండు దగ్గర ఇడ్లీ తిని, శ్రీపెరుంబుదూరు వైపు బస్సెక్కాను. మీరూ పోయేటట్టయితే అమావాస్య నాడు వద్దు. వీరరాఘవస్వామి గుడికి వచ్చే జనంతో బస్సులో కాలు పెట్టలేరు. రేసు ట్రాకు దాకా గంటన్నర ప్రయాణం, చివర కొంచెం నడక.

పాస్ లేదని బండ్లున్న వైపుకు నన్ను పోనివ్వలేదు. గ్యాలరీ మెట్ల మీద ఒక్కణ్ణే కూర్చుని పెరుగన్నం తిన్నాను. ఇదివరకు కళ్లు మూసుకున్నా నా ఇంజను గొంతు పట్టేవాణ్ణి. ఆ రోజు అన్నీ ఒకే గొంతుతో అరుస్తూ పోయాయి. అంత జనంలో అంత ఒంటరితనం నేనెప్పుడూ ఎరగను.

రెండు గంటలకు పందెం మొదలైంది. ఏడో చోట మొదలుపెట్టిన పిల్ల ఒక్కొక్కరినే దాటుకుంటూ రెండో చోటికి వచ్చింది. నేను లేచి నిలబడ్డాను. నా ఇంజనుతో గెలిచిన రోజుల్లో బండి ఎంత గెలిచిందో, ఆమె ఎంత గెలిచిందో నాకే తెలిసేది కాదు. ఇప్పుడు తెలుస్తోంది. ఆఖరి మలుపులో యాక్సిలరేటర్ ఒక్క క్షణం ముందే వదిలేసింది. ఇద్దరు దాటిపోయారు. నాలుగో స్థానం.

కంచె దగ్గరికి వచ్చింది, కళ్లెర్రగా. ఇదివరకు ఓడితే మా ఇద్దరికీ ఒక వాడుక. "బండి లాగలా మామా" అనేది, "అవును, తప్పు నాదే" అనేవాణ్ణి. సగం ఓటమి నేను మోసేవాణ్ణి. ఇప్పుడలా అనడానికి లేదు.

"బండిది తప్పేం లేదు మామా. నేనే భయపడినా" అంది.

కంచె సందులోంచి ఆమె వేళ్లు పట్టుకున్నాను. "ఇందులోనే ఉండు తల్లీ" అన్నాను.

"నీ ఇంజను?"

"దానికేం తొందర" అన్నాను. ఇద్దరికీ అర్థమైంది.

సాయంత్రం తిరువళ్లూరులో తిరుత్తణి లోకల్ ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఈ పందెం చూడదగ్గదే, పోయి చూడండి. నడిపేవాళ్ల సత్తా ఇంత తేటగా ఇంకెక్కడా కనపడదు. కాకపోతే ఓడినవాళ్లకు ఆనుకోవడానికి గోడ లేదు, నాలాంటివాడికి నిలబడటానికి చోటు లేదు.

ఊత్తుకోట దగ్గర పల్లెలో ఉండే అక్క ఫోన్ చేసింది. సీళ్ల సంగతి ఆమెకు తెలీదు.

"పిల్ల పందెం ఏమైందిరా?"

"నాలుగో ప్లేసక్కా."

"గెలుస్తానని పోయినాదే! ఏమొచ్చినాది దానికి?"

"పిల్ల బాగా తోలిందక్కా. బండే సరీగ లేదు."

"బండి సరీగ లేకుంటే నువ్వు ఆడుండి ఏం చేస్తా ఉండావురా? నిన్ను నమ్మే గదా పిల్లను పంపినాను!"

అరక్కోణం దాటేదాకా తిట్టింది. ఎన్ని నెలలైందో నన్నెవరైనా అలా తిట్టి. ఫోను చెవికి గట్టిగా ఆనించుకుని విన్నాను.

"అవునక్కా" అన్నాను. "నేనే చూసుకోని ఉండాల."