రెండు ట్రిప్పుల సైదా

కర్లపాలెంలో జాన్ సైదా ఇల్లెక్కడంటే ఎవరూ చెప్పరు. రెండు ట్రిప్పుల సైదా అంటే వాకిలి దాకా దిగబెడతారు. ట్రాక్టర్ అతనిది, దాని వెనక తగిలించే ట్రక్కు అతనిది, తెనాలి వెళ్లి టైర్లు మార్పించినా రేపల్లెలో బ్రేకులు చూపించుకున్నా జేబు అతనిది. ఎన్ని బస్తాలు వేయాలో మాత్రం ఊరు చెబుతుంది. "ఇంకో పది పడతాయిలే" అన్న మాట వింటే పంటి కింద రాయి పడ్డట్టుంటుంది అతనికి. పట్టడం వేరు, లాగడం వేరు, ఆపడం మరీ వేరని చెప్పీ చెప్పీ విసుగెత్తి మానేశాడు.

మొన్న కోతల్లో మధుసూదన్ గారి ధాన్యం మిల్లుకు తోలాలి. సముద్రం వైపు నుంచి మబ్బు నల్లగా కమ్ముకొస్తోంది. బస్తాలు తడిస్తే మిల్లువాళ్లు మొహం తిప్పేసుకుంటారు. ఆ కంగారులో, సైదా బోరు దగ్గర మొహం కడుక్కొచ్చేలోగా మొత్తం పంటంతా ట్రక్కులోకి ఎక్కించేశారు. అదీ ముందువైపే గుట్టగా.

పొలంలోంచి రోడ్డెక్కాలంటే కాలవకట్ట మీదికి నిటారు బాట. సగం ఎక్కాడో లేదో ట్రాక్టర్ ముందు చక్రాలు నేల వదిలేశాయి. స్టీరింగ్ చేతిలో ఊరికే తిరిగింది. పై ప్రాణాలు పైనే పోయినంత పనై, మెల్లగా వెనక్కి దించి ఆపాడు.

దీనికి ఆ చుట్టుపక్కల అందరికీ తెలిసిన మందు ఒకటుంది. బరువైన మనిషిని ముందు బంపర్ మీద కూర్చోబెట్టడం. కర్లపాలెంలో ఆ మనిషి వీరయ్య. క్వింటాకు తగ్గడు. ఎవరి ట్రాక్టర్ ముక్కు లేచినా కబురు ఆయనకే, కట్టెక్కాక టీ, గారెలూ ఆయనకే. ఆ రోజూ పిలవకముందే పంచె ఎగ్గట్టి బంపరెక్కేశాడు.

సైదా ఇంజన్ ఆపి తాళం జేబులో వేసుకున్నాడు.

"దిగు మావా."

"నేను కూర్చున్నాక లేచిన ట్రాక్టర్ లేదురా అల్లుడూ."

"ముక్కు లేస్తే నా మీద పడతావ్. లేచిన ముక్కు దబ్బున దిగితే చక్రం కింద పడతావ్. ఏది కావాలో చెప్పు, స్టార్ట్ చేస్తా."

వీరయ్య చక్రం వంక చూశాడు. దిగలేదు గానీ కాళ్లు పైకి ముడుచుకున్నాడు.

ఊళ్లో అందరూ తోలట్లేదా, నీ ఒక్కడిదేనా ప్రాణం, రెండో బాడుగ కోసం కాదూ అని మధుసూదన్ గారు ఎత్తుకున్నారు. సైదాకి ఒళ్లు మండింది. రెండో ట్రిప్పుకి పైసా వద్దన్నాడు. సగం దించకపోతే ట్రక్కు ఇక్కడే వదిలేసి ట్రాక్టర్ తోలుకుపోతానన్నాడు. ఆ మాట పనిచేసింది. బుద్ధొచ్చి కాదు, మబ్బు నెత్తి మీదికొచ్చి.

సగం బస్తాలు కట్ట పక్కన దించి, మిగతావి ట్రక్కు ఇరుసు మీదికి సర్ది, వీరయ్యని బంపర్ మీంచి దింపి, చిన్న గేరులో ఎక్కించాడు. ముక్కు లేవలేదు. భేష్ అన్నవాడూ లేడు.

మిల్లులో దించి తిరిగొచ్చేసరికి వాన మొదలైంది, గాలి కూడా. మిగిలిన బస్తాల మీద పట్టా కప్పారు. అది ఎగిరిపోకుండా మూల మీద వీరయ్య తడుస్తూ కూర్చున్నాడు. కింద బస్తాలు పొడిగానే ఉన్నాయి.

"టీ అన్నా తెచ్చావంట్రా?"

ఒక్క ట్రిప్పులో తేలిపోయేదని గొడుగు కింద మధుసూదన్ గారు ఇంకా గొణుగుతూనే ఉన్నారు. బస్తాలెక్కించి పట్టా కట్టడం అయ్యాక, వీరయ్య పంచె పిండుకుంటూ అలవాటుగా బంపర్ వైపు నడిచాడు.

సైదా మళ్లీ తాళం తీసి జేబులో వేసుకున్నాడు.