కత్తెరక్క జవాబు

వీధంతా కత్తెరక్క అని పిలిచే దర్జీ, రోజూ మిషను తొక్కేముందు తన ముసలి కుక్కను ఒళ్లో వేసుకుని, ఆపరేషనైన కుడి వెనక మోకాలిని మెల్లగా వంచి చాపుతుంది. బిగుసుకుపోయిన ఆ కీలులో డాక్టరు స్టెరాయిడ్ సూది వేసి, "వాపు నేను తగ్గిస్తా, కాలు ఆడించడం మీ పని" అన్నాడు. "ఎన్ని సూదులేసినా కుంటిది కుంటిదే. ఈ వయసులో దానికెందుకమ్మా రాజభోగాలు" అంటాడు ఎదురింటి పెద్దాయన. నోట్లో ఎప్పుడూ గుండుసూదులే కాబట్టి ఆమె బదులివ్వదు.

ఇన్నాళ్లూ కుక్క బరువు మోపలేని ఆ కుడికాలే ఎత్తి పని కానిచ్చేది. ఈ ఉదయం పెద్దాయన కారు చక్రం దగ్గర ఆగి, కుడికాలి మీద నిలబడి ఎడమకాలు ఎత్తింది. పెద్దాయన చెప్పు తీశాడు. కత్తెరక్క నోట్లోంచి సూదులు తీసింది.

"చక్రం నేను కడుగుతాను బాబాయ్. ముందు వాడి పని కానివ్వండి."