అత్తగారి అంతరిక్ష యుద్ధం

సెలూనాయనకు చేతిలో పనితనం దండిగా ఉంది, ఓపికే నిండుకుంది. అలాంటి మనిషి కొట్టులోకి ఆ వీడియో గేము పెట్టె రావడమే విడ్డూరం. తెచ్చింది బావమరిది. తన ఆటల కొట్టు ఎత్తేస్తూ, "నాలుగు రోజులుంచు బావా, పట్టుకుపోతా" అన్నాడు. మళ్లీ ఆ ఛాయలకు వస్తే ఒట్టు.

పోనీ ఆ ఆటలో ఏమైనా ఉందా? నల్లటి తెర అడుగున బుల్లి విమానం అటూ ఇటూ జరుగుతుంది. పైనుంచి పురుగుల్లాంటి శత్రువులు బారులు తీరి దిగుతాయి. వాటిని కాల్చాలి. అంతే! పొద్దస్తమానం టుయ్ టుయ్‌మని ఒకటే గోల. "రండి, మీ వంతే" అంటే, "ఒక్క నిమిషం, ఈ ఆట అయిపోవచ్చింది" అనేవాళ్లే అందరూ. ఒకాయనైతే చెంపన సబ్బు నురగతోనే లేచి వెళ్లి ఆడొచ్చాడు. వచ్చేసరికి నురగ ఎండిపోయింది, సెలూనాయనకు ఒళ్లు మండిపోయింది.

ఇది చాలదన్నట్టు మోకాళ్ల వైద్యానికని అత్తగారు దిగారు. ఇల్లు కొట్టు వెనకే. అల్లుడికి టీ ఇవ్వడానికి వచ్చిన ఆవిడ, చూద్దామని స్టూలు మీద కూర్చున్నారు. కూర్చున్నవారు ఇక లేస్తేనా! కొద్దిరోజుల్లోనే తెర మీద మొదటి స్కోరు ఆవిడదైంది. "రండర్రా, మీ పని చెప్తా!" అని ఆవిడ కాలుస్తుంటే జనం చుట్టూ మూగేవారు. క్షవరం కుర్చీ మాత్రం ఖాళీ.

ఒకరోజు బడి హెడ్మాస్టరుకు క్రాపు చేస్తుండగా, "చచ్చావ్ పో!" అని అత్తగారు కేక పెట్టారు. హెడ్మాస్టరు గబుక్కున తల తిప్పారు. చెవి పక్క జుట్టు గుప్పెడు తెగి ఒళ్లో పడింది. సెలూనాయన కత్తెర విసిరికొట్టి, విసవిసా వెళ్లి ప్లగ్గు పీకేశాడు.

"నేనెప్పుడైనా మీ చేతిలో కత్తెర లాక్కున్నానా అల్లుడుగారూ?" అని ఆవిడ లోపలికెళ్లిపోయారు.

మళ్లీ ప్లగ్గు పెడితే ఆట వచ్చింది కానీ ఆవిడ స్కోరు తుడిచిపెట్టుకుపోయింది. అలా పోతుందని అతనికి తెలియదు.

ఆ తర్వాత అత్తగారు కొట్టు గడప తొక్కలేదు. భార్య అన్నం పెట్టేది, మాట్లాడేది కాదు. వచ్చినవాళ్లంతా "అమ్మగారేరీ?" అనేవారే. ఆఖరికి హెడ్మాస్టరు కూడా టోపీ పెట్టుకుని మరీ వచ్చి అదే అడిగారు.

"మీ జుట్టు పాడయింది ఆవిడ వల్లేనండీ!"

"జుట్టుదేముందయ్యా, మొలుస్తుంది. ఆ స్కోరు మొలుస్తుందా?"

సెలూనాయన తల పట్టుకున్నాడు. గోల ఉంటే ఒక చిరాకు, లేకపోతే ఇంకో చిరాకు! చివరికి వంటింటి గుమ్మంలో నిలబడి, "తప్పు నాదే అత్తయ్యగారూ. రండి" అన్నాడు.

"కేకలేస్తాను మరి."

"...వేయండి."

ఎవరూ తలలు తిప్పకుండా పెట్టెను కుర్చీ వెనక్కి జరిపాడు. ఎదుట నిలువుటద్దం ఉందన్న సంగతే మరిచాడు. మర్నాడు ఒకరికి గడ్డం గీస్తూ, అద్దంలో ఆట చూస్తూ, అతని చెయ్యే ఆగిపోయింది.

"ఎడమ నుంచి వస్తోంది అత్తయ్యగారూ, ఎడమ!"

ఆవిడ కుడికి తప్పుకున్నారు. విమానం కాస్తా పేలిపోయింది. అద్దంలో ఎడమ, అసలుకు కుడి!

అత్తగారు నెత్తి కొట్టుకున్నారు. "మీ గడ్డాలేవో మీరు గీసుకోండి నాయనా, నా యుద్ధం నేను చేసుకుంటా!"