ఎనిమిది అంకెలా చుట్టిన వైరు

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు ఎన్నడూ నమ్మకం లేదు. గొప్పకు చెప్తున్న మాట కాదు. నేను పెండ్లిండ్లకు వీడియో తీస్త. భద్రాచలం చుట్టుపక్కల అడవి పల్లెల్లో, ఇల్లందు దిక్కు గూడేల్లో పని చూసుకొని, కెమెరా బ్యాగు వీపుకు తగిలించుకొని బండి మీద ఒక్కన్నే తిరిగి వచ్చుడు నాకు అలవాటు. ఫలానా మలుపు కాడ ఎవరో కనపడ్డరని తోటివాళ్లు చెప్తుంటే నవ్వేటోన్ని. సాక్ష్యం ఉంటే చూపించుమని వాదన పెట్టుకునేటోన్ని.

ఇప్పుడు నేను చెప్పేదానికి కూడా సాక్ష్యం లేదు. నా మాట ఒక్కటే ఉంది. అది ముందే ఒప్పుకుంటున్న.

భద్రాచలంలో మాదొక చిన్న స్టూడియో. మాది అంటున్నగానీ అది మా సుధాకర్ బావ పెట్టింది. మా అక్క విజయ భర్త. ముందు గదిలో స్టూడియో, వెనక రెండు గదుల్లో కాపురం. డిగ్రీ అయినంక నేను ముదిగొండ నుంచి వచ్చి వాళ్లింట్లోనే ఉండి పని నేర్చుకున్న. కెమెరా పట్టుకునే తీరు నుంచి ఎడిటింగ్ దాకా నాకొచ్చిందంతా బావ చెప్పిందే.

పోయిన వానాకాలం బావకు జ్వరం వచ్చింది. ఊళ్లో అందరికీ వస్తున్న జ్వరమే కదా అనుకున్నం. ఖమ్మం దవాఖానాకు తీసుకపోయేసరికి ఆలస్యమైపోయింది. అక్క, ఒకటో తరగతి చదివే పాప హర్షిత, నేను మిగిలినం. స్టూడియో మూస్తే ఇల్లు గడవదు. అందుకని నేనే నడిపిస్తున్న.

ఎడిటింగ్ చేసే కంప్యూటర్ బావ తన చేతులతో బిగించింది. పార్టులన్నీ విడివిడిగా తెచ్చుకొని, నేల మీద దుప్పటి పరుచుకొని కూర్చొని బిగించిండని అక్క చెప్పేది. ఆయన పోయినంక కూడా రోజూ దానిమీద దుమ్ము తుడిచేది. కానీ అది పాతబడ్డది. ఇప్పటి కెమెరాలతో తీసిన వీడియో అందులో పెడితే ఆగి ఆగి నడిచేది. ఒక్కోసారి సగంలో ఆగిపోయి మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వచ్చేది.

ఈ ఎండాకాలం ఇల్లందులో ఒక బొగ్గుబాయి కార్మికుని బిడ్డ పెండ్లి తీసిన. పెండ్లికొడుకు మిలిటరీలో ఉంటడు. సెలవు అయిపోయి వాపసు పోయేలోపు వీడియో చేతికొస్తే రెండు కుటుంబాలూ కలిసి చూసుకుంటమని ఆ పెద్దాయన ఒకటికి రెండుసార్లు ఫోన్ చేసిండు. సరేనని మాటిచ్చిన. పాత కంప్యూటర్‌తో అది అయ్యేటట్టు లేదు.

ఖమ్మం పోయి, వీడియో పని తొందరగ నడిపించే కొత్త గ్రాఫిక్స్ కార్డు తెచ్చిన. షాపతను నాకు సరిగ్గనే చెప్పిండు. ఈ కార్డు కరెంటు ఎక్కువ గుంజుతది, సీపీయూ లోపల కరెంటిచ్చే మీ పాత పవర్ సప్లై ఆగదు, అదీ మార్చాలె, కొత్త సప్లై రావడానికి వారం పడుతది, అప్పటిదాక కార్డు పెట్టకు అన్నడు. నేను తలూపి, పక్క షాపులో ఒక కన్వర్టర్ వైరు కొనుక్కున్న. పాత సప్లైకి ఆ కార్డుకు పెట్టే పిన్ను లేదు. ఆ కన్వర్టర్ ఉంటే ఎట్లనో కలపొచ్చు.

ఇంటికొచ్చి సీపీయూ ఇప్పుతుంటే అక్క గుమ్మం కాడ నిలబడి చూసింది.

"మీ బావ ఉంటే ముందు సప్లై మార్చేటోడు కదరా తమ్మీ" అన్నది.

"షాపులో అడిగిన. ఏం కాదన్నరు" అని అబద్ధం చెప్పిన.

కార్డు బిగించి ఆన్ చేస్తే వెంటనే నడిచింది. నాకెంత సంతోషమైందో చెప్పలేను. ఇల్లందు పెండ్లి ఎక్కించి, వీడియో మొత్తం ఒక్క ఫైలుగా తయారయ్యేటట్టు రెండరింగ్ పెట్టిన. ఒంటిపూట బడులు కదా, హర్షిత అప్పటికే వచ్చి స్టూడియో గదిలో కూలర్ ముందు చాప మీద పడుకుంది. ఇంట్లో చల్లగా ఉండేది ఆ గది ఒక్కటే. కంప్యూటర్ బల్లకు, పాప తలకు మధ్య ఒక కర్టెన్ మాత్రమే ఉంది. కొంచెం వాసన వచ్చినట్టు అనిపించింది. బావ ఫోటో ముందు అక్క పెట్టిన అగరుబత్తి అనుకొని అన్నానికి లేచిన.

తిని వచ్చి చూస్తే కంప్యూటర్ ఆగిపోయి ఉంది. కరెంటు ఉంది, కూలర్ తిరుగుతున్నది. సీపీయూకు పెట్టే పవర్ వైరు ఒక చివర వెనక నుంచి, ఇంకో చివర యూపీఎస్ నుంచి తీసి, చక్కగా చుట్టి సీపీయూ పైన పెట్టి ఉంది.

ఆ చుట్టిన తీరు నాకు తెలుసు. ఎనిమిది అంకెలా చుట్టి, చివరి మొనను నడుమ నుంచి పోనిచ్చి బిగిస్తరు. బావ ఏ వైరైనా అట్లనే చుట్టేటోడు. కంప్యూటర్ ఇప్పాలంటే ముందు పవర్ వైరు తీసి అట్ల చుట్టి పైన పెట్టంది స్క్రూ ముట్టేటోడు కాదు. నేను మోచేతికి చుడుత. అందుకు నన్ను ఎన్నిసార్లు తిట్టిండో. ఆ చుట్టుడు నాకు ఎప్పుడూ కుదరలేదు. అక్కకు వచ్చు. కొత్తలో మనుషులు దొరక్కపోతే పెండ్లిండ్లలో ఆమే లైట్ల వైర్లు పట్టుకునేది.

నేను తింటున్నప్పుడు మధ్యలో ఒకసారి పాపను చూసొస్తనని అక్క ముందు గదికి పోయింది. ఇంక వేరే ఆలోచన నాకెందుకొస్తది?

"వైరెందుకు తీసినవక్కా?" అంటే, "నేనేం తీయలే" అన్నది. పాప నిద్రలో చేసిందేమో అని ఒక్క క్షణం అనుకున్న. బల్ల గోడకు ఆనించి ఉంటది. దాన్ని ముందుకు జరపంది వెనక వైరు అందదు. ఆ పిల్లతోని కాదు.

మర్నాడు మళ్లీ మొదటి నుంచి రెండరింగ్ పెట్టి, ఫోన్ వస్తే మాట్లాడుతూ బయటికి పోయిన. తిరిగొచ్చేసరికి మళ్లీ అదే. వైరు చుట్టి సీపీయూ పైన ఉంది. హర్షిత చాప మీద నిద్రపోతున్నది. అక్క వెనక బట్టలు పిండుతున్నది.

అప్పుడు నేను అన్న మాటలు ఇక్కడ రాయకుంటే ఈ సంగతి చెప్పడంలో అర్థం లేదు.

అక్క తడి చేతులతోనే వచ్చి, "నేను ముట్టుకోలే తమ్మీ. పాప మీద ఒట్టు" అన్నది.

"పిల్ల మీద గూడ ఒట్టు పెడుతున్నవా? బావను నువ్వు ఈ డబ్బాలో దాచుకున్నవ్. నేను ఇప్పితే ఆయన పోతడని నీ భయం. ఆయన ఎప్పుడో పోయిండక్కా. ఇది పట్టుకొని కూర్చుంటే మనం ముగ్గురం ఏం తిని బతకాలె?"

పాప లేచి కూర్చుంది. మా ఇద్దరి మొఖాలు మార్చి మార్చి చూసింది. అక్క లోపలికి పోయి బ్యాగు సర్దుకుంది. పాపకు చెప్పులు తొడిగింది. తన తాళంచెవి తెచ్చి కీబోర్డు పక్కన పెట్టి, "అమ్మ కాడికి పోతున్న. నీ పని నువ్వు మంచిగ చేసుకో" అని బస్టాండుకు నడిచింది. అమ్మ ముదిగొండలోనే ఉంటది. అంత ఎండలో కనీసం బండి మీద దింపొస్తనని కూడా నేను అనలేదు. పీడ పోయింది, ఇంక పని సాగుతది అనుకున్న. అట్ల అనుకున్నది నేనే. తప్పించుకోను.

వాళ్లు పోయినంక ముందు షట్టర్ పూర్తిగా దించిన. కొత్తగా మళ్లీ రెండరింగ్ పెట్టిన. ఇంట్లో నేనొక్కన్నే. కొంతసేపటికి పైన ట్యాంకు నిండి నీళ్లు పారుతున్న చప్పుడైతే మోటరు బంద్ చేయడానికి వెనక వాకిట్లోకి పోయిన. మోటరు స్విచ్చు వెనక తలుపు పక్కనే ఉంటది. నన్ను దాటకుండా ఎవరూ లోపలికి పోలేరు. స్విచ్చు ఆపి అట్లనే వెనక్కి తిరిగిన.

ముందు గదిలోంచి కంప్యూటర్ ఫ్యాన్ల చప్పుడు రావడం లేదు.

ఇంకా పట్టపగలే. వెంటిలేటర్ లోంచి ఎండ నేరుగా బల్ల మీద పడుతున్నది. వైరు సీపీయూ పైన చుట్టి ఉంది, ఎనిమిది అంకెలా. షట్టర్ దించినది దించినట్టే ఉంది. గది మొత్తం చూసిన, బల్ల కింద చూసిన, షట్టర్ లేపి రోడ్డు మీద కూడా చూసిన. ఎదురుగా కొబ్బరికాయల దుకాణం ఆమె, "ఏందయ్యా, గట్ల చూస్తున్నవ్?" అని అడిగింది. ఏం లేదన్న.

లోపలికొచ్చినంక ఏం చేయాలో తోచక సీపీయూ పక్క డోరు తీసిన. అప్పుడు వాసన గుప్పుమన్నది. అది అగరుబత్తి వాసన కాదు. నేను పెట్టిన కన్వర్టర్ వైరు కరిగి, గోధుమ రంగుకు మారి, కార్డుకు అతుక్కొని ఉంది. ముట్టుకుంటే చెయ్యి కాలింది.

మర్నాడు పొద్దున్నే పాత సప్లై పట్టుకొని ఖమ్మం పోయిన. షాపతను దాన్ని ఇప్పి లోపల చూపించిండు. ఒక దిక్కంతా మాడిపోయి ఉంది.

"ఇంకొంచెంసేపు నడిస్తే అంటుకుంటుండె. పెట్టొద్దని చెప్పిన కదన్నా. దీన్ని టైముకు ఎట్ల ఆపినవ్?" అన్నడు.

"కరెంటు పోయింది" అని చెప్పిన.

అక్కడ నిలబడితే నాకు కంప్యూటర్ గుర్తుకు రాలేదు. చాప, కర్టెన్, పాప తల గుర్తుకొచ్చినయి. రెండు మధ్యాహ్నాలు ఆ పిల్లను నేనే అక్కడ వదిలి లేచిపోయిన. పైగా వాళ్ల అమ్మను దొంగను చేసినట్టు నిలదీసిన.

అక్కడి నుంచి నేరుగా ముదిగొండ పోయిన. అక్క వాకిట్లో నీడకు కూర్చొని అమ్మతో పాటు ఎండు మిరపకాయల తొడిమలు తీస్తున్నది. నన్ను చూసి, "అన్నం తిన్నవా?" అన్నది. ఆ ఒక్క మాటకే నాకు ఏడుపొచ్చింది. అమ్మ లోపలికి పోయినంక అంతా చెప్పిన. షాపతను ముందే చెప్పిన సంగతి, నేను ఆడిన అబద్ధం, షట్టర్ దించినంక జరిగింది, మాడిపోయిన సప్లై. క్షమించుమని కాళ్లు పట్టుకోబోతే వెనక్కి తీసుకుంది.

"ఎట్ల చుట్టి ఉండె?" అని మాత్రం అడిగింది.

నా ఫోన్ ఛార్జర్ వైరు తీసి చుట్టబోయిన. నాకు రాలేదు. ఆమె నా చేతిలోంచి తీసుకొని, కారం అంటిన వేళ్లతోనే చుట్టి చూపించింది.

"ఇట్లనేనా?"

"అవ్."

చాలాసేపు దాన్ని అట్లనే చూసింది. నేను అన్న మాటలకు బాధపడుతున్నదని అనుకున్న. కాదు.

"ఇన్ని నెలలైంది. నాకు కలలో గూడ కనపడలే తమ్మీ" అన్నది. "నీ కాడికి వచ్చిండు."

"పాప కోసం వచ్చి ఉంటడక్కా" అన్న.

"అవ్. పాప కోసమే" అని కొంగుతో కండ్లు తుడుచుకుంది. కారం చేతులని మర్చిపోయింది. అమ్మ నీళ్లు తెచ్చి కడిగింది.

నాతోనే భద్రాచలం తిరిగొచ్చిండ్రు ఇద్దరూ. ఖమ్మం షాపులో చెప్పిపెట్టిన కొత్త పవర్ సప్లై వచ్చింది, బిగించిన. పెండ్లికొడుకు బయలుదేరే ముందే వీడియో ఇల్లందు చేర్చిన. ఆ తర్వాత కంప్యూటర్ ఏనాడూ దానంతట అది ఆగలేదు. అంతా మంచిగనే ఉందని చెప్పాలె.

కానీ మంచిగ లేదు. ఇదివరకు మధ్యాహ్నం పూట అక్క వెనక గదిలో పడుకునేది. ఇప్పుడు పాపను వెనక పడుకోబెట్టి, తను స్టూడియోలో కూర్చుంటున్నది. పని ఉన్నా లేకున్నా నన్ను ఛాయ్ తాగి రమ్మని బయటికి పంపిస్తది. నేను తిరిగొచ్చేసరికి ఉతికిన చీర కట్టుకొని, తల దువ్వుకొని, అదే కుర్చీలో ఉంటది. నేను అడగకముందే ఆమే తల అడ్డంగ ఊపుతది.

అంతా చెప్పేస్తే నా మనసు తేలికైతదనుకొని ఆ రోజు ముదిగొండలో చెప్పిన. నా బరువు దించుకోవడానికి ఆమె చేతిలో పెట్టిన. చెప్పకుండా ఒట్టి క్షమాపణ అడిగి ఊరుకుంటే, అక్క ఏడ్చి ఏడ్చి ఎప్పటికో నిమ్మళమయ్యేదేమో. ఇప్పుడు ఎదురుచూస్తున్నది.

ఆ మధ్యాహ్నాలు వైరు తీసిందెవరో నాకు ఇప్పటికీ తెల్వదు. ఎన్ని తీర్ల ఆలోచించినా ఒక్క మనిషి కూడా ఆ గదిలోకి పోయే వీలు నాకు కనపడలేదు. బావే అని గట్టిగ చెప్పలేను, కాదనీ చెప్పలేను. నిన్న ఛాయ్ తాగి వచ్చేసరికి అక్క కుర్చీలోనే నిద్రపోయింది. లేపితే ఉలిక్కిపడి, ముందు నా వెనక గుమ్మం దిక్కు చూసింది.

"నేనేనక్కా" అన్న.