పవర్‌హౌస్ గేటు దగ్గర

మార్చి చివర్లో మా ప్లటూన్ ఉత్తరాదిలోని ఆ లోయకు చేరింది. ట్రక్కు దిగేసరికి సన్నగా మంచు పడుతోంది. రెండు వైపులా నిటారు కొండలు, నడుమ నది. కొండ మీది నుంచి దిగిన లావుపాటి ఉక్కు గొట్టం, దాని చివర పవర్‌హౌస్. గేటు, స్విచ్‌యార్డు, పైన ఆనకట్ట: మూడు చోట్లా మాదే కాపలా. ఒక రైఫిలు, వైర్‌లెస్ సెట్టు, ఉన్ని కోటు. జహనుమాలో పెరిగిన నాకు ఆ చలి కొత్త.

ఒక రోజు షిఫ్ట్ ఇంజనీరు గేటు దగ్గర నా పేరు చదివి ఆగాడు.

"ఏ ఊరన్నా మనది?"

"హైదరాబాద్. జహనుమా."

"మాది ఉస్మాన్‌గంజ్. బాపుది మిర్చి దుకాణం."

అప్పటి నుంచి డ్యూటీ దిగాక చాయ్ అతనితోనే. ఒకసారి లోపల యంత్రం చూపించాడు.

"గింత దూరమొచ్చి ఎందుకు కట్టిన్రు?" అని అడిగాను.

"బొగ్గుతోటి నడిచేదైతే గని పక్కన కడ్తరన్నా, మోసుడు తప్పుతది. దీనికైతే నీళ్లు మస్తు ఎత్తు మీదికెల్లి పడాలె. పైన నదిని ఆపి, సొరంగంల మళ్లిచ్చి, గొట్టంల కిందికి ఇడుస్తం. ఆ జోరుకు టర్బైన్ చక్రం తిరుగుతది. దాని ఇరుసుకే జనరేటర్. లోపల అయస్కాంతాలు తిరిగితే చుట్టున్న రాగి తీగలల్ల కరెంటు పుడ్తది. నీళ్లు మళ్ల నదిలకే పోతయి."

"గిదంత మీ బాపుకు చెప్పినవా?"

"ఆయన అడగడన్నా. నేను దుకాణం ఇడిసిన కాడికెల్లి మాట్లాడుడే బంద్. దసరాకు పోయి నేనే చెప్త."

ఆగస్టులో వాన పట్టుకుంది. ఒక మధ్యాహ్నం ఆనకట్ట పోస్టు నుంచి వైర్‌లెస్‌లో హిందీలో కేక: "కొండ విరిగింది. బురద, బండలు వస్తున్నాయి. కింద ఖాళీ చేయండి. ఓవర్."

ఇంజనీరు యంత్రం ఆపి అందరితో బయటికొచ్చాడు. అడుగు అంతస్తులో పంపు బాగుచేస్తున్న ఇద్దరు కూలీలు రాలేదు. అక్కడి ఫోను పలకలేదు.

"మెట్లు నాకెరుక. పోయొస్త," అని వెనక్కి పరిగెత్తాడు. నేనూ కదిలాను. ప్లటూన్ కమాండర్ నా భుజం పట్టుకుని, సిబ్బంది కాలనీ వాళ్లను పక్క కొండ ఎక్కించమన్నాడు. ఆ ఆదేశం సరైనదే. పిల్లల్ని ఎత్తుకుని ఆడవాళ్లు అప్పటికే దారిలో ఉన్నారు.

కూలీలిద్దరూ బతికారు. ఒకతని కాలు బెణికితే ఇంజనీరే మెట్లమీదుగా మోసుకొచ్చి, వాళ్లను తలుపులోంచి బయటికి నెట్టాడట. వెనక తనున్నాడు. అంతలో బురద గోడను తోసుకుని లోపలికొచ్చింది. వారం తవ్వాక దొరికాడు.

ఆ ఏడాదే నా సర్వీసు ముగిసింది. ఇంటికొచ్చిన మర్నాడు ఉస్మాన్‌గంజ్ వెళ్లాను. మిర్చి బస్తాల మధ్య ఆ పెద్దాయన ఒక్కడే ఉన్నాడు. నేనెవరో చెప్పాను. కొడుకు ఎలా పోయాడో ఆయనకు అప్పటికే తెలుసు. కూర్చోమని ఒక బస్తా చూపించాడు.

"ఆడ మావోడు ఏం పని చేస్తుండె బిడ్డా?"

కొడుకు నాకు చెప్పినట్టే చెప్పడం మొదలుపెట్టాను. సగంలో ఆయన చెయ్యెత్తి ఆపాడు. లేచి వెళ్లి ఫ్యాన్ ఆపేశాడు.

"సప్పుడుకు ఇనొస్తలేదు. మొదటికెల్లి చెప్పు."

మళ్లీ నది దగ్గర మొదలుపెట్టాను.

లోయలో చూసినవి చాలావరకు మసకబారాయి. ఆయన మాత్రం చెవి వెనక చెయ్యి పెట్టుకుని, మెడ మీద కారుతున్న చెమటైనా తుడుచుకోకుండా, నీళ్లు సొరంగంలోకి ఎలా మళ్లుతాయో వింటూ, ఇప్పటికీ నా కళ్లముందు కూర్చునే ఉన్నాడు.