కళ్ళకు కట్టుతో నాయన, బ్రేకు పట్టని వ్యాను

చిక్కబళ్ళాపురం ఆసుపత్రి వరండాలో ఐదు రాత్రులు సరైన నిద్ర లేకుండా గడిపాక, ఆరో రోజు పొద్దున నాయనను ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఒక కంటికే శుక్లం తీసినా కట్టు మాత్రం రెండు కళ్ళకూ కట్టారు. పది రోజులు తల వంచకూడదు, గట్టిగా దగ్గకూడదు, కుదుపులు అసలే తగలకూడదని డాక్టరు మరీ మరీ చెప్పాడు. బస్సులో ఆ జనం మధ్య కుదరదని మా వ్యానులోనే బయలుదేరాం.

వ్యాను అంటే మిలిటరీవాళ్ళు వేలం వేసిన పాత బండి. మా ఊరు పాతపాళ్యలో వేరుశనగ మూటలు మోయడానికి నాయన కొన్నాడు. అన్నేళ్ళూ ఇంకొకరిని స్టీరింగు ముట్టనిచ్చేవాడు కాదు. చూపు బాగా తగ్గాక, ఆ ఏడే, గత్యంతరం లేక నాకు నేర్పాడు. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. వ్యాను వెనక గడ్డి పరిచి, పైన పరుపు వేసి ఆయన్ను పడుకోబెట్టాం. అమ్మ ఆయన తలను ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుంది.

ఊరు దాటి కొంత దూరం పోయాక ఒక దిగుడులో ఎడ్లబండి రోడ్డుకు అడ్డంగా తిరిగింది. బ్రేకు తొక్కాను. పెడలు నేలకు ఆనింది కానీ వ్యాను ఆగలేదు. మళ్ళీ తొక్కాను, అంతే. హ్యాండుబ్రేకు లాగి, ఒంట్లో బలమంతా పెట్టి ఇంకోసారి తొక్కితే ఎక్కడో కాస్త పట్టుకుంది. ఎద్దుల కొమ్ములకు జానెడు దూరంలో ఆగాం. బండి తోలేవాడు తిట్టిన తిట్లేవీ నా చెవిన పడలేదు. వెనకనుంచి నాయన గొంతు మాత్రం వినపడింది.

"ఒక తూరి తొక్కితే పట్టదు. ఊరికే తొక్కతానే ఉండాల. మూడో తూరికి పట్టుకుంటాది."

నేను దిగి వెనక్కి వెళ్ళాను.

"నీకు ముందే తెలుసునా నాయనా?"

"మూడు నెల్లాయ" అన్నాడు.

"ఏంటికి చెప్పల్యా?"

"కండ్లు కనపడవు, బ్రేకు పట్టదు. రెండూ చెప్తే ఇంగ నన్ను బండెక్కనిస్తారా మీరు? ఆసుపత్రికి వచ్చేటప్పుడంతా ఎక్కుడే గదా, నీకు బ్రేకుతో పనే పడల్యా."

"ఈ మూడు నెల్లూ ఇదే బండిలో నన్ను సంతకు పిల్చుకోని పోతివి గదా" అంది అమ్మ, ఆయన తల వదలకుండానే.

నాకు అరవాలనిపించింది. దగ్గడానికే వీల్లేని మనిషి మీద ఏమని అరుస్తాం? మళ్ళీ వెళ్ళి స్టీరింగు ముందు కూర్చున్నాను.

అక్కణ్ణుంచి బాగేపల్లిదాకా రెండో గేరులోనే నడిపాను. ఒకచోట దిగుడు మరీ వాలుగా ఉంటే, నాయన తన తల తానే పట్టుకున్నాడు. అమ్మ కిందికి దిగి, చంకన ఒక రాయి పెట్టుకుని వెనక చక్రం పక్కనే నడిచింది. వ్యాను జారితే చక్రం కింద పెట్టాలని. ఎండ మాడ్చేస్తోంది. ఆమెకు ఆయాసం వస్తున్నట్టు పక్క అద్దంలో నాకు కనపడుతూనే ఉంది. కానీ ఆపలేను.

బాగేపల్లిలో సైకిలు షాపు పెట్టుకుని అప్పుడప్పుడు లారీలు కూడా చూసే ఒక పెద్దాయన వ్యాను కిందికి దూరాడు.

"బ్రేకు ఆయిలంతా కారిపోయిండాదప్పా. లోపల రబ్బరు పోయిండాది. అది చింతామణిలో తప్ప దొరకదు. ఈపొద్దుకి ఆముదం పోసిస్తా, నిదానంగా పోండి."

"ఆముదమా?"

"అది రబ్బరును ఏమీ చేయదు. సెనిక్కాయ నూనె పోస్తే ఉబ్బిపోతాది."

నేను పెడలు తొక్కుతూ, ఆయన కింద గొట్టాల్లోని గాలి వదులుతూ గంట గడిచింది. దిగినప్పుడు నా కుడికాలు నా మాట వినడం లేదు.

బాగేపల్లి దాటితే మట్టిరోడ్డు. వెనక పడుకున్నచోటినుంచే నాయన దారి చెప్పడం మొదలుపెట్టాడు. "ఇప్పుడు వంక వస్తాది, గేరు తగ్గించు." వాగు వచ్చింది. "ఎడంపక్క గుంత ఉండాది." గుంత ఉంది. నా కళ్ళు మూతలు పడుతున్నాయి, ఆయన గొంతునే నమ్ముకున్నాను.

"ఇంగ సాపు. వదులు" అన్నాడు. వేగం పెంచి బండిని వదిలాను.

అది చదును కాదు. ఆ నెల వానలకు రోడ్డు కొట్టుకుపోతే పక్కనుంచి కొత్త దారి వేశారు. ఆ సంగతి ఆయనకు తెలియదు, పోయేటప్పుడు ఆ దారినే పోయిన నాకు గుర్తు రాలేదు. ముందు నిటారైన దిగుడు. ఎన్నిసార్లు తొక్కినా ఆముదం పని చేయలేదు. స్టీరింగు పక్కకు తిప్పేశాను. అప్పుడే దున్నిన చేలో చక్రాలు సగందాకా దిగబడి వ్యాను ఆగింది.

"తల కదిల్నా నాయనా?"

"నా తలకాయ మీయమ్మ చేతుల్లోనే ఉండాది. నీకేమన్నా తగిల్నా?"

లేదన్నాను. తర్వాత ఏం జరిగిందో నాకు తెలియదు. స్టీరింగు మీద తల పెట్టినట్టు గుర్తు, అంతే.

లేచేసరికి ఎండ తగ్గింది. చేనుగల రైతు రెండు జతల ఎద్దులతో గట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"లేసినావాప్పా? మీయమ్మ లేపొద్దనె. అందుకే కాచుకోనుండాము."

ఎద్దులు వ్యానును రోడ్డెక్కించి, దిగుడులో ఒక జత వెనకనుంచి ఆపి పట్టుకుంటే, ఇంటిదాకా లాగాయి. నేను స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను. దీపాలు పెట్టే వేళకు ఊరు చేరాం.

పది రోజులకు కట్టు విప్పారు. మనుషులను గుర్తుపట్టేంత చూపు వచ్చింది. నేను బస్సులో చింతామణి పోయి రబ్బరు తెచ్చి బ్రేకు బాగు చేయించాను. మూడు నెలలు దాచినందుకు నాయన ఒక్క మాటా అనలేదు, నేనూ అడగలేదు. కోపం మాత్రం చాలాకాలం ఉండింది. ఆయన మళ్ళీ ఎప్పుడూ వ్యాను నడపలేదు. నా పక్క సీటు ఖాళీగా ఉన్నా, వెనక మూటల మీదే కూర్చుని వచ్చేవాడు.