గంగాధర కారు, కొత్త టైర్లు, గిన్నెడు శెనక్కాయల నూనె

రండ్రా, ఇంకొంచెం దగ్గరికి జరగండి. సుజాతా, ఆ సంచి పక్కన పెట్టి కూర్చో తల్లీ. వెనకున్నవాళ్లు గోడకు ఆనుకోకండి, చొక్కాలకు సున్నం అంటుకుంటుంది. ఈ పూట పాఠం లేదు. మొన్న కుప్పంలో ఏం జరిగిందో వినండి. ఒక పెళ్లికొడుకు, కూర్చున్న కారుతో సహా, మేళగాళ్ల మీదికి వెనక్కి జారిపోయినాడు! ఎవరికీ దెబ్బ తగల్లేదులే, భయపడకండి. కానీ ఆ కారు ఎందుకు జారిందో అంత జనంలో తెలిసినవాడు ఒక్కడే. వాడిప్పుడు మీ ముందర కుర్చీలో కూర్చొని ఉన్నాడు. నవ్వకండి. ఇది నవ్వే సంగతి కాదు.

మా అక్క కొడుకు గంగాధర అని, పుంగనూరులో ఉంటాడు. బెంగళూరులో టాక్సీ తోలి తోలి విసిగిపోయి, అక్కడ ఎవరో వదిలించుకుంటున్న పాత స్పోర్ట్స్ కారు ఒకటి కొనుక్కొచ్చినాడు. ఎర్రది. రెండే సీట్లు. పైకప్పు మడిచి వెనక దాచేయొచ్చు. అందులో కూర్చుంటే కారులో ఉన్నట్టుండదు, నడిరోడ్డు మీద పీట వేసుకుని కూర్చున్నట్టుంటుంది. పక్కన లారీ వచ్చి ఆగితే మనకు దాని చక్రం తప్ప ఇంకేమీ కనపడదు.

దాన్ని పెళ్లిళ్లకు బాడుగకు తిప్పాలని వాడి ఆలోచన. పెళ్లికొడుకును పక్కన కూర్చోబెట్టుకుని మెరవణి, అదే ఊరేగింపు, తీసుకుపోవడం. మా అక్కకు ఇది బొత్తిగా గిట్టలేదు.

"ముగ్గురు కూసోలేంది అదేం బండిరా? ఒక్క పెండ్లి బాడుగన్నా మర్యాదగా సేసుకోని రా, అప్పుడు నాతో మాట్లాడు" అని కొడుకుతో మాటలు మానేసింది. ఒకే ఇంట్లో ఉంటారు. అన్నం కంచం వాడి ముందర ఠంగుమని పెట్టి పోతుంది. వాడు తలవంచుకుని తింటాడు. చూసేవాళ్లకే కష్టంగా ఉండేది.

ఇట్లా ఉండగా మొదటి పెళ్లి కుదిరింది. కుప్పంలో మునెప్ప అనే ఆయన, పెళ్లికూతురి నాయన, అల్లుడి మెరవణికి ఆ కారే కావాలన్నాడు. "బాగా జరిగితే మా అన్నదమ్ముల ఇండ్లల్లో ఇంకా పెండ్లిండ్లు ఉండాయప్పా" అని ఆశ కూడా పెట్టినాడు. గంగాధరకు ఇంక నిద్ర లేదు. ఆ ఒక్క మెరవణి సక్రమంగా జరిగితే కారు నిలుస్తుంది, ఇంట్లో అమ్మ మాట్లాడుతుంది. జరక్కపోతే రెండూ లేవు.

చిక్కేమిటంటే టైర్లు. అరిగి అరిగి గుండు మాదిరి అయిపోయినాయి.

"మామా, మదనపల్లెకు పోయి టైర్లు సూడాల. నువ్వు కూడా రా."

"నాకు టైర్ల సంగతి ఏం తెలుసురా?"

"నీకు సదవను వచ్చు కదా? టైరు మీద అంతా రాసే ఉంటాదంట."

పిల్లలూ, నన్ను పడగొట్టాలంటే ఆ మాట చాలు. ఎక్కడైనా అక్షరాలున్నాయంటే నాకు చదవాలనిపిస్తుంది. వెళ్లినాను.

మదనపల్లెలో ఖాదర్ భాయ్ అంగడి. మంచి మనిషి. స్టూలు వేయించినాడు, టీ తెప్పించినాడు. మా ముందర మూడు రకాల టైర్లు నిలబెట్టినాడు. మొదటిది విదేశం సరుకు. దాని రేటు వినగానే గంగాధర దాన్ని ముట్టుకోవడం కూడా మానేసినాడు. రెండోది వెడల్పుగా, నున్నగా, మీద గీసినట్టుండే గాళ్లు ఉన్నాయా లేవా అన్నట్టుంది. రేసుల టైరంట. చౌకగా వస్తుంది. గంగాధర కళ్లు దాని మీదే.

"మామా, దీన్ని సూడు ఎట్లుండాదో! పులి మాదిరి ఉండాది!"

నేను కళ్లద్దాలు సర్దుకుని ఆ టైరు పక్క భాగం మీద రాసిందంతా చదివినాను. తయారైన వారం, సంవత్సరం నాలుగంకెల్లో ఉంటాయి. చూస్తే పాత సరుకు. పైగా గాళ్లు లేవు.

"ఏం ఖాదర్ భాయ్, దీనికి ఇంత తక్కువ రేటు యాల?"

"నిజం సెప్తాను సార్. సానా దినాలుగా ఈడే పడుండాది. ఎండలో బాగా అతుక్కుంటాది. వానలో మాత్రం నేను పూచీ పడను."

ఇంక నేను ఊరుకుంటానా? స్టూలు మీద నుంచి లేచి అంగడిలోనే పాఠం మొదలుపెట్టినాను. "గంగాధరా, టైరుకూ రోడ్డుకూ మధ్య ఒక పట్టు ఉంటుంది. దాన్నే ఘర్షణ అంటారు. మధ్యలో నీళ్లు చేరితే ఆ పట్టు పోతుంది. ఆ నీళ్లు పక్కకు పోవడానికే ఈ గాళ్లు. పలమనేరు రోడ్డులో వాన పడితే, టమాటా లారీ లోంచి ఒక బుట్ట జారి రోడ్డు మీద చితికితే, నీ పులి ఏం చేస్తుంది? చెరువులోకి పోతుంది."

పంక్చర్ వేయించుకోవడానికి వచ్చిన ఇద్దరు కూడా పని మానుకుని విన్నారు. ఒకాయన, "అయ్యోరు బాగా సెప్తాండాడే!" అన్నాడు. నేను ఇంకొంచెం గట్టిగా చెప్పినాను.

ఆఖరికి మూడోదాన్ని ఎంచినాను. మన దేశంలో చేసిందే. రబ్బరు మరీ గట్టీ కాదు, మరీ మెత్తనా కాదు. నీళ్లు చీల్చుకుపోయేట్టు ఏటవాలు గాళ్లు. వేగానికి తట్టుకునే రకం. పేరు పెద్దది కాదు, రేటూ పెద్దది కాదు. గంగాధర కొంచెం ముఖం వేలాడేసుకున్నాడు గానీ ఒప్పుకున్నాడు. ఖాదర్ భాయ్ నాలుగూ ఎక్కించి, గాలి చూసి పంపించినాడు.

పెళ్లి రోజు పొద్దున్నే ఇద్దరం పుంగనూరులో బయలుదేరినాం. నేను పట్టంచు పంచె కట్టుకున్నాను. పలమనేరు దాటంగానే వాన పట్టుకుంది. హడావిడిగా పైకప్పు వేసుకున్నాం. వి.కోట దాకా ఒకటే వాన. ఆ కారు ఎక్కడన్నా పక్కకు జరిగిందా? లేదు! మలుపుల్లో నేలను గోళ్లతో పట్టుకున్నట్టు పోయింది.

"ఎంపిక ఎవరిదిరా?" అన్నాను.

"నీదే మామా."

కాసేపాగి మళ్లీ అడిగినాను. మళ్లీ చెప్పినాడు. నాకు కడుపు నిండిపోయింది.

కుప్పం చేరేసరికి ఎండ వచ్చేసింది. కల్యాణ మంటపం దగ్గర మునెప్ప ఎదురొచ్చినాడు. కారు చుట్టూ ఒక సారి తిరిగినాడు. మొహం కొంచెం ముడుచుకుని, "కారేమో కళకళ లాడతాండాది. టైర్లే బూడిదలో పొర్లినట్టుండాయే" అన్నాడు. నిజమే. దోవలో బురద ఎండి తెల్లగా అట్ట కట్టింది. గంగాధర చొక్కా మార్చుకోవడానికి లోపలికి పోయినాడు. నేను ఊరికే ఉన్నాను కదా, ఈ పని నేను చేస్తానన్నాను. అక్కడే పడింది తప్పటడుగు.

మా ఇంట్లో ఒక అలవాటు ఉంది. మీ ఇళ్లల్లోనూ ఉండొచ్చు. ఎద్దును ఊరేగింపుకు తీసుకుపోయే ముందు శుభ్రంగా కడిగి, కొమ్ములకూ గిట్టలకూ నూనె పూస్తాం. నల్లగా నిగనిగలాడుతుంది. చిన్నప్పటి నుంచీ ఆ పని నాదే. టైర్లు కడిగినాను. ఆరినాక చూస్తే నల్లగా కాకుండా వెలిసినట్టున్నాయి. వెంటనే కాళ్లు వాటంతటవే నన్ను వంటశాల వైపు తీసుకుపోయినాయి.

"ఒక గిన్నెడు నూనె ఇయ్యమ్మా" అన్నాను వంటామెతో.

"యాలప్పా అయ్యోరా, తలకా?"

"కాదులే, కొంచెం పని ఉంది."

మంచి శెనక్కాయల నూనె, గానుగది. గుడ్డ ముంచి పక్కలకు పూసినాను. బ్రహ్మాండం! అద్దం మాదిరి మెరిసినాయి. ఇంకా గిన్నెలో సగం మిగిలింది. ఎద్దుకైతే గిట్ట అడుగు దాకా పూస్తాం కదా? గంగాధర వచ్చి బండి తీసేటప్పుడు, "కొంచెం ముందుకు పోనీరా, ఇంకొంచెం, ఆగు" అంటూ చక్రం తిప్పించి తిప్పించి, రోడ్డుకు ఆనే భాగమంతా, గాళ్ల లోపల కూడా, వేలితో దూర్చి మరీ పూసినాను. వాడు అద్దంలో తల దువ్వుకుంటున్నాడు. నేను గుడ్డతో తుడుస్తున్నాననుకున్నాడు.

మెరవణి రెండు వీధుల అవతల నుంచి కాదు, పక్క సందులో వినాయకుడి గుడి నుంచే మొదలు. టైర్ల మీది నూనె అరిగిపోయేంత దూరం కూడా కాదు. మట్టి రోడ్డన్నా ఉండుంటే బాగుండేది. లేదు. మొత్తం సిమెంటు. ఇంక మంటపం ముందర చూడాలి! కుప్పమంటే గ్రానైటు ఊరు కదా, ఆ మంటపం యజమాని వాకిట్లో ఏటవాలుగా పైకెక్కే దోవ మొత్తం పాలిష్ గ్రానైటు పరిపించినాడు. అందులో మన ముఖం చూసుకోవచ్చు.

మేళం మోగుతోంది. పెళ్లికొడుకు తలపాగా సర్దుకున్నాడు. ఆడవాళ్లు హారతి పళ్లెంతో పైన నిలబడినారు. కారు ఏటవాలు ఎక్కింది. సగం దూరం పోయింది. అక్కడ ఆగింది. వెనక చక్రాలు మాత్రం ఆగలేదు. గిర్రున తిరుగుతున్నాయి! గంగాధర ఇంకొంచెం తొక్కినాడు. కీచుమని అరుపు, పొగ, ఆ పొగలోంచి కమ్మటి వాసన! వేడెక్కిన శెనక్కాయల నూనె వాసన! బోండాలు వేస్తున్నారనుకుని వెనక నిలబడిన బంధువుల్లో సగం మంది భోజనాల హాలు వైపు కదిలినారు.

తర్వాత కారు నిదానంగా, చాలా మర్యాదగా, వెనక్కి జారడం మొదలుపెట్టింది. డోలు ఆయన డోలు పట్టుకుని ఎగిరినాడు. నాదస్వరం ఆయన ఊదుతూనే పక్కకు తప్పుకున్నాడు. పెళ్లికొడుకు, "అన్నా, అన్నా!" అంటున్నాడు. కింద చదునులోకి వచ్చి ఆగింది.

మునెప్ప ముఖం చూడలేకపోయినాను. "ఏమప్పా ఇది? ముహూర్తం దగ్గరికి వస్తాండాదే!"

గంగాధర దిగినాడు. ఫోను తీసి ఖాదర్ భాయ్‌కు కలిపినాడు, అందరికీ వినపడేట్టు.

"భాయ్, ఎట్లాంటి టైర్లు ఇచ్చినావు నువ్వు? డూప్లికేట్ మాలు అంటగట్టినావే! నా బతుకు తీసేసినావు!"

"అట్లనొద్దప్పా. ముప్పై ఏండ్లుగా ఈ అంగట్లో ఉండాను. కొత్త మాలే ఇచ్చినాను."

"నేను వీడియో తీసి పెడతా. మదనపల్లెలో నీ దగ్గర ఒక్కరు కొనకుండా సేస్తా!"

చేతిలో నూనె గుడ్డ ఇంకా అట్లాగే ఉంది. దాన్ని పంచెలో దాచుకోవచ్చు. ఎవరూ చూడలేదు. ఖాదర్ భాయ్ ఎక్కడో మదనపల్లెలో ఉన్నాడు, ఈ మనుషులకు ఆయన ముఖం కూడా తెలియదు. ఇదంతా ఒక్క క్షణం మనసులో తిరిగింది, పిల్లలూ. దాచి చెప్పను.

"గంగాధరా, ఫోను ఇట్లియ్యి" అన్నాను. "ఖాదర్ భాయ్, టైర్లలో ఏ తప్పూ లేదు. వాటికి నేనే నూనె పూసినాను."

మేళం కూడా ఆగిపోయింది.

"ఏం నూనె సార్?" అన్నాడు ఆయన నిమ్మళంగా.

"శెనక్కాయల నూనె. గానుగది."

"అరెరే! నా టైర్ల కన్నా దాని రేటే పిరెం కదా సార్!"

ఎవరో కిసుక్కుమన్నారు. గంగాధర నా వైపు చూసిన చూపు మాత్రం నేను మీకు చెప్పలేను. వాడు ఆ ఫోనులోనే ఖాదర్ భాయ్‌కు క్షమాపణ చెప్పినాడు.

సరే, ఇప్పుడేం చేయాలి? తోస్తామని వచ్చిన కుర్రాళ్లు కూడా ఆ జిడ్డు మీద జారుతున్నారు. నేను వంటశాలకు పరుగెత్తి ఖాళీ బియ్యం గోనె సంచులు మోసుకొచ్చినాను. చక్రాల ముందర పరిచినాను. కారు సంచి మీదికి ఎక్కింది. పట్టు దొరికింది! వెనకది తీసి మళ్లీ ముందర పరచడం, వంగి పక్కకు జరగడం, "రానీ" అనడం. పట్టంచు పంచె మోకాళ్ల దాకా ఎగ్గట్టి, తలపాగా వేసుకున్న పెళ్లికొడుకు ముందర వంగి వంగి, వెనక్కి నడుస్తూ పైదాకా సంచులు పరిచినాను. మేళం మళ్లీ అందుకుంది. హారతి ముహూర్తంలోపలే అయిపోయింది. మునెప్ప నా చేయి పట్టుకుని, "పోనీలే అయ్యోరా, అల్లుడికి ఇంత మర్యాద మా వంశంలో ఎవురికీ జరగలేదు" అన్నాడు.

ఎవరో దాన్ని వీడియో తీసి ఫోన్లలో తిప్పినారు. అందులో కారు జారింది లేదు, సంచులు పరిచింది మాత్రమే ఉంది. నిన్న గంగాధర ఫోను చేసినాడు. మునెప్ప అన్నదమ్ములే కాదు, పలమనేరు నుంచి కూడా పెళ్లివాళ్లు అడుగుతున్నారంట. మా అక్క కూడా కొడుకుతో మాట్లాడడం మొదలుపెట్టింది, ఇప్పుడు ఆపడం కష్టంగా ఉందంట.

"సంతోషంరా" అన్నాను.

"ఒకటే చిక్కుండాది మామా. కారు ఏదైనా పర్వాలేదంట వాళ్లకి. ముందర వంగి సంచులు పరిచే ఆ పెద్దాయన మాత్రం తప్పకుండా రావాలంట."

ఆదివారం పలమనేరుకు పోవాలి. సంచులు ఉతికి ఆరేసినాను.

ఇంక లేవండి. పొద్దు పోయింది, మీ అమ్మలు అన్నం పెట్టుకుని ఎదురు చూస్తుంటారు. వేడిగా ఉన్నప్పుడే పోయి తినండి.